కొళాయి కింద తెలిమాక్

ఆల్బన్ తెలిమాక్‌ను బడిపంతులు ఉద్యోగంలోంచి తీసేసింది తాగినందుకు కాదు, పిల్లల్ని చావగొట్టినందుకూ కాదు. తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరు సందర్శకుల పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి వెళ్తే, అందులో మూడు తప్పులు ఎర్రసిరాతో దిద్ది, పక్కన పదికి ఆరు మార్కులు వేసినందుకు. మరుసటేడు ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చి తన మార్కులు తను చూసుకున్నాడు. ఆ నెలాఖరుకే ఆల్బన్ ఇంట్లో కూర్చున్నాడు.

ఉద్యోగం పోయినా, ఇంగ్లీషు దొరల ఏలుబడిలోని ఆ చిన్నదీవిలో, లా రోష్ రేవులో ఆయన్ను అందరూ 'టీచర్' అనే పిలిచారు. ఆయన కూడా దిద్దడం మానలేదు. చర్చి గోడ మీది నోటీసులూ, సమాధుల మీది రాతలూ ఆయన పెన్సిలు దెబ్బ తినకుండా బయటపడలేదు. చనిపోయినవాళ్ల బంధువులు రెండుసార్లు కర్రలు పట్టుకుని వచ్చారు. అప్పుడు ఆయన భార్య యూడోరా అంది, "నీకు ఊరంతా దిద్దాలని దురద. గోడల మీద గోక్కోవడం ఎందుకు, పేపరు పెట్టుకో."

యూడోరా పడవల తెరచాపలు కుట్టే ఇంటి పిల్ల. మాట తక్కువ, చెయ్యి చురుకు. పట్నానికి ఓడెక్కి వెళ్లిపోతున్న మిషనరీ దొర తన చేతి అచ్చుయంత్రాన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడని ఆమె విన్నది. తన కుట్టుమిషనూ రెండు పాడిమేకలూ ఇచ్చి దాన్ని ఎద్దుబండి మీద ఇంటికి తోలుకొచ్చింది. అలా 1940లో 'లాంతరు' వారపత్రిక పుట్టింది. రాసేది ఆల్బన్. అక్షరాలు కూర్చేది యూడోరా. సూది దారం పట్టిన వేళ్లకి సీసపు అక్షరాలు ఒక లెక్కా? ఆయన ఒక వాక్యం ఆలోచించేలోగా ఆమె ముందు వాక్యం కూర్చి, అందులో అక్కర్లేని రెండు మాటలు తీసేసేది కూడా.

ఒక్కటే చిక్కు. మిషనరీ దొర దగ్గర చెక్కతో చేసిన జానెడు అక్షరాలు కొన్ని ఉండేవి గాని, అవి 'పశ్చాత్తాపపడుడి' అన్న ఒక్కమాటకు సరిపడా మాత్రమే. కరపత్రాలకి ఆయనకి ఇంకేం అవసరం? దాంతో లాంతరులో వార్త ఎంత పెద్దదైనా శీర్షిక అదే. తుపాను వచ్చి వంతెన కొట్టుకుపోయినా 'పశ్చాత్తాపపడుడి', గవర్నరుగారు విచ్చేసినా 'పశ్చాత్తాపపడుడి'. గవర్నరు సంచిక చూసి పోలీసులు వచ్చి వెళ్లారు. జనం మాత్రం అలవాటుపడిపోయారు. ఆ మాట పైన కనబడితే, "ఈవారం ఏదో గట్టిదే జరిగింది" అనుకుని కొనుక్కునేవాళ్లు.

పత్రికలో అందరూ ముందు చదివేది మాత్రం చివరి పేజీలో 'ఈ వారం కొళాయి'.

సంత మధ్యలో ఒక కొళాయి ఉంది. రాజుగారి పట్టాభిషేకం గుర్తుగా 1937లో నిలబెట్టారు. సింహం మూతితో, పచ్చరంగుతో చూడముచ్చటగా ఉంటుంది. గొట్టం వెయ్యడం మాత్రం మరిచిపోయారు. ఆడవాళ్లు కిరోసిన్ డబ్బాలు నెత్తిన పెట్టుకుని మైలు దూరం ఏటికి పోయి నీళ్లు తెచ్చుకుంటూ, దారిలో ఆ సింహానికి ఒక దండం పెట్టి పోయేవాళ్లు. ఆల్బన్ వారం వారం రాశాడు. 'ఈ వారం కొళాయి నుంచి వచ్చినది: ఒక బల్లి.' 'ఈ వారం: ఏమీ రాలేదు, బల్లి కూడా విసిగి వెళ్లిపోయింది.' ఆ కింద, శాసనసభలో ఊరి తరఫున కూర్చున్న కార్‌మైకేల్ డ్రేటన్ ఆ వారం ఏం చేస్తున్నారో ఒక వాక్యం. డ్రేటన్ కొండ మీది జాజికాయ తోట ఆసామి. గొప్ప మర్యాదస్తుడు. ఎవరేమడిగినా కాదనడు. ఆ తర్వాత చెయ్యడు. పదకొండేళ్లు తిట్టించుకుని కూడా క్రిస్మస్‌కి ఏటా తెలిమాక్ ఇంటికి ఒక సీసా జాజికాయ జెల్లీ పంపేవాడు.

1951లో ఇల్లూవాకిలీ ఉన్నవాళ్లకే కాకుండా అందరికీ ఓటు వచ్చింది. ఆ వారం సంతలో చేపలమ్మే టాంటీ మెర్ల్ ఆల్బన్‌ను పట్టుకుంది. టాంటీ అంటే ఊరందరికీ అత్త. ఆమె చేత తిట్లు తినని మగవాడు రేవులో లేడు.

"టీచర్, నీ పేపరుతో నేనేం చేస్తానో తెలుసా?"

"చదువుతారు గదా, టాంటీ."

"చేపలు చుడతాను. నీ తిట్లన్నీ మాంఛి తిట్లే, కానీ చేపలకి తగిలి ఏం లాభం? పోయి ఆ సభలో కూచుని తిట్టు. నా ఓటు నీకే."

ఆల్బన్ కాదన్నట్టు తల ఊపాడు గాని, ఇంటికి పోయేదారిలో మూడు ఉపన్యాసాలు మనసులో రాసేసుకున్నాడు.

చదువురానివాళ్ల కోసం ప్రతి అభ్యర్థికీ ఒక బొమ్మ ఇచ్చారు. తనకి లాంతరు బొమ్మ వస్తుందని ఆల్బన్ ఎంత ధీమాగా ఉన్నాడంటే, నామినేషను రోజున మధ్యాహ్నం దాకా తీరిగ్గా సూటు ఇస్త్రీ చేసుకున్నాడు. ఆఫీసుకి వెళ్లేసరికి గుమస్తా రిజిస్టరు తిప్పి, "లాంతరు పొద్దున్నే అయిపోయింది, టీచర్" అన్నాడు.

"ఎవరికి?"

"డ్రేటన్‌గారికి. ఇంకా బూటూ, తాబేలూ మిగిలాయి."

ఆల్బన్ చాలాసేపు ఆలోచించి బూటు పుచ్చుకున్నాడు.

ఆ ఆరువారాలూ ఆయన పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. సొంత పత్రిక నెత్తిన లాంతరు బొమ్మ. ఎన్ని ప్రతులు అమ్ముడైతే డ్రేటన్‌కి అంత ప్రచారం. బొమ్మ తీసేస్తే, పేరు మిగిలింది. 'లాంతరుకు ఓటు వేయకండి' అని లాంతరే వారం వారం మొత్తుకుంటుంటే, రేవులో ముసలివాళ్లు టీచర్‌కి మతి చలించిందని యూడోరాను పరామర్శించి వెళ్లారు. పైగా డ్రేటన్ మనుషులు, "బూటుకి ఓటేస్తే మీ పీక మీదే పెడతాడు" అని ఊరూరా చెప్పారు. సగం ఊరికి కాళ్లకి చెప్పులే లేవు. వాళ్లకి ఆ మాట బాగా పట్టింది.

ఆఖరి సభలో ఆల్బన్ గ్రీకుల ప్రజాస్వామ్యం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. జనం లేచి పోవడం మొదలుపెట్టారు. అప్పుడు టాంటీ మెర్ల్ ఆయన్ను పక్కకి జరిపి, ఆయన నిలబడ్డ చెక్కపెట్టె ఎక్కింది.

"ఇదిగో, వినండి. లాంతరు ఎక్కడుంటుంది? కొండమీద బంగళాలో కొక్కేనికి. దానికి కింద బురద కనిపించదు. బూటు ఎక్కడుంటుంది? మన బురదలో. మన రోడ్డు గోతులన్నీ దానికి తెలుసు. అంతే నేను చెప్పేది. పొండి, అన్నాలు తినండి."

ఆల్బన్ అరవై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాడు.

శాసనసభ ఉన్న రాజధానికి బస్సులో నాలుగు గంటలు. వారంలో మూడు రోజులు అక్కడే ఉండాలి. అందుకని పత్రికను యూడోరాకి అప్పగిస్తూ మొదటి పేజీలో పెద్ద ప్రకటన రాశాడు. 'నేటి నుంచి సంపాదకురాలు శ్రీమతి యూడోరా తెలిమాక్. లాంతరు ఇకపై ఎవరికీ తలవంచదు. నాకు కూడా.' ఆ చివరి రెండు మాటలు ఆయనకెంత నచ్చాయంటే, ముగ్గురు నలుగురికి చదివి వినిపించాడు.

మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున కోకో తాగుతూ పత్రిక తిరగేశాడు. చివరి పేజీ దగ్గర కప్పు కింద పెట్టాడు.

"యూడోరా, ఇదేమిటి?"

"ఏది?"

"ఈ వారం కొళాయి. 'ఏమీ రాలేదు. మన సభ్యుడు శ్రీ తెలిమాక్ రాజధానిలో కొత్త టోపీ కొన్నారు.'"

"కొనలేదా?"

"కొన్నాను. అది కాదు. నా మీద రాస్తావా?"

"పదకొండేళ్ల నుంచి వేస్తున్నదే గదా."

"అప్పుడు సభ్యుడు డ్రేటన్."

"కొళాయి అదే."

ఆల్బన్ స్వరం మార్చాడు. "నేను నీ మొగుణ్ణి, యూడోరా."

"అది వార్త కాదు. అందరికీ తెలుసు" అని ఆమె పెనం మీద రొట్టె తిరగేసింది.

తర్వాత వారాల్లో కూడా తగ్గలేదు. ఆల్బన్ సంతవైపు వెళ్లడం మానేసి, బస్సు దిగి వెనక సందుల్లోంచి ఇంటికి రావడం నేర్చుకున్నాడు. ఒకసారి కోపం పట్టలేక రాజధానిలో ఒక వకీలును కలిసి పరువునష్టం దావా వేస్తానన్నాడు. వకీలు కాగితం తీసి, "అచ్చుయంత్రం ఎవరిది?" అన్నాడు.

"నాది."

"ప్రచురణకర్త?"

"కాగితాల మీద ఇంకా నేనే."

వకీలు కలానికి మూత పెట్టేశాడు. "కేసు గెలిస్తే జైలుకి మీరు పోతారా, ఆవిడ పోతారా అన్నది తేల్చుకుని రండి. ఆవిడ పోతే వంట ఎవరు చేస్తారో అది కూడా."

నిజానికి సభలో ఆయన ఊరుకోలేదు. ఇంజనీరు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి కొత్త టోపీ పాతబడింది. లా రోష్‌కి నీళ్లు రావాలంటే కొండమీది ఊటను ముందు కొలవాలిట. వానాకాలంలో ఊట పొంగుతుంది కాబట్టి కొలత నిజం కాదు. ఎండాకాలంలో సన్నగిల్లుతుంది కాబట్టి ఆ కొలత న్యాయం కాదు. ఈ రెంటికీ మధ్య వచ్చే వారం రోజుల్లో ఇంజనీరు సెలవు పెడతాడు.

ఆల్బన్‌కి చివరికి ఒక ఉపాయం తట్టింది. డ్రేటన్ మళ్లీ పోటీకి సిద్ధమవుతున్నాడని విన్నాడు. అతన్ని కొళాయి దగ్గరికి పిలిచి, ఊరి ముందర నిలదీస్తే తన తప్పేమీ లేదని అందరికీ తెలుస్తుంది. 'వచ్చే శనివారం సంతలో కొళాయి దగ్గర శ్రీ తెలిమాక్ బహిరంగ చర్చ చేస్తారు' అని రాసి బస్సు డ్రైవరు చేత పంపించాడు. ఇంగ్లీషులో చర్చ అంటే డిబేట్, స్నానం చెయ్యడమంటే బేద్; మధ్య దూరం రెండు మూడు అక్షరాలే. పత్రిక వచ్చింది. పైన జానెడు అక్షరాలతో 'పశ్చాత్తాపపడుడి'. దాని కింద, 'వచ్చే శనివారం సంతలో కొళాయి దగ్గర శ్రీ తెలిమాక్ బహిరంగ స్నానం చేస్తారు'.

శనివారం ఆయన గోధుమరంగు ఉన్నిసూటులో, చంకలో నలభై పేజీల కాగితాలతో బస్సు దిగేసరికి సంతలో అడుగు పెట్టడానికి చోటు లేదు. గోడలెక్కి కూర్చున్నారు. వేరుశెనగలు అమ్ముతున్నారు. ఎవరో తువ్వాలు ఊపుతున్నారు. డ్రేటన్ మాత్రం రాలేదు. అతన్నెవరు స్నానానికి పిలిచారు గనక?

"ఇది అచ్చుతప్పు" అన్నాడు ఆల్బన్. "నేను చర్చకి..."

"నీ చర్చ ఎవడిక్కావాలి?" టాంటీ మెర్ల్ ముందుకొచ్చి నీలం సబ్బుబిళ్ల ఆయన చేతిలో పెట్టింది. నవ్వుతూనే తలగుడ్డ విప్పి వంగింది. "ఇదిగో, చూడు."

ఆమె నడినెత్తిన వెంట్రుకలు లేవు. అరచేయంత మేర నున్నగా, డబ్బా అడుగు ఆనినచోట తోలు మెరుస్తోంది.

"రోజుకి మూడుసార్లు ఏటికి, టీచర్. నా పదో ఏటి నుంచి. నా కూతురికి కూడా మొదలైంది. నీ పేపర్లో బల్లి గురించి చదివి నవ్వుకుంటాం. నవ్వుకుని డబ్బా ఎత్తుకుంటాం."

ఆల్బన్ చుట్టూ చూశాడు. నవ్వడానికి వచ్చిన ఆడవాళ్లందరి పక్కనా డబ్బాలున్నాయి. ఇంటికి పోతూ ఏటికి వెళ్లాలి గదా. కొన్ని నెలలుగా ఈ సంతకి మొహం చాటేసి వెనకసందుల్లో నడుస్తున్నది తనే. చంకలోని నలభై పేజీలూ ఒక్కసారిగా చాలా బరువనిపించాయి. వాటిని మెర్ల్ చేపలబుట్ట మీద పెట్టాడు. టోపీ తీసి సింహం తలకి తగిలించాడు. సూటుతోనే వెళ్లి ఆ ఎండిన మూతి కింద సబ్బు పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లు వచ్చేదాకా ప్రతి శనివారం ఇక్కడే నిలబడతాను" అన్నాడు. ఆయన జీవితంలో చేసిన అతి చిన్న ఉపన్యాసం అదే. చప్పట్లు మొదటిసారి పడ్డాయి.

నిలబడ్డాడు కూడా. రెండో శనివారం పక్కవూళ్ల నుంచి బస్సులు వచ్చాయి. మూడోదానికి ఎవరో వీపు రుద్దుకునే బ్రష్షు ఇచ్చి పోయారు. నాలుగోవారం అరటిపళ్ల ఓడలో వచ్చిన ఒక విదేశీ ప్రయాణికుడు ఫొటో తీశాడు. అది పక్కదీవి పత్రికలో పడింది. సూటూ బూటూ వేసుకున్న నల్లాయన, సింహం మూతి కింద, చేతిలో సబ్బు, మొహంలో మంత్రివర్గమంత గాంభీర్యం. రాజధానిలో పెద్దలకి విందుల్లో ఆ బొమ్మ గురించి జవాబు చెప్పుకోలేక తల ప్రాణం తోకకి వచ్చింది. ఇంజనీరు సెలవు రద్దయింది. ఊట కొలత ఒక్క మధ్యాహ్నంలో పూర్తయింది.

అయిదో శనివారం డ్రేటన్ స్వయంగా సంతకి వచ్చాడు. టోపీ తీసి, ఆల్బన్ సబ్బు పట్టుకున్న చేతిని వదిలి రెండోచేతితో చేయి కలిపాడు.

"టీచర్, గొట్టం నా తోటలోంచి వేసుకోండి. మా ఇంటికొచ్చిన చుట్టాలంతా ఆ సబ్బాయన మీ ఊరేనా అని అడుగుతున్నారు. ముఖం చెల్లడం లేదు."

"ఈ మాట పద్నాలుగేళ్ల కిందటే అనొచ్చుగా, మిస్టర్ డ్రేటన్?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు తిట్టారు, వారం వారం చదివాను, బాగా రాస్తారు. కానీ వచ్చి, నీ తోటలోంచి దారి ఇస్తావా అని ఒక్కసారి అడిగారా?"

ఆల్బన్ పదకొండేళ్ల సంచికలన్నీ మనసులో తిరగేసుకున్నాడు. అడిగిన వాక్యం ఒక్కటీ లేదు.

పదకొండో శనివారం, ఎవరికీ కబురు చెప్పకుండా, పైన ఎవరో వాల్వు తిప్పారు. సింహం ముందు దగ్గింది. తర్వాత గురక పెట్టింది. ఆల్బన్ పైకి చూసేలోగా పదిహేనేళ్ల తుప్పు ఆయన మొహం మీదికి దూకింది. దాని వెనక ఒక కప్ప, దాని వెనక ఎర్రటి బురద, చివరికి నీళ్లు. ఆయనకున్నది ఒక్కటే మంచి సూటు. అయినా పక్కకి జరగలేదు. సబ్బు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఆడవాళ్లు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నీళ్లు కారే కళ్లద్దాల్లోంచి ఆయనకి తెలియలేదు. టాంటీ మెర్ల్ వచ్చి, "స్నానం చాల్లే, టీచర్, జరుగు, డబ్బా పెట్టుకోవాలి" అనేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ వారం చివరి పేజీలో యూడోరా వేసింది: 'ఈ వారం కొళాయి: నీళ్లు. సభ్యుడు శ్రీ తెలిమాక్ తడిశారు. సూటు పాడైంది. మాట నిలబెట్టుకున్నారు.' ఆల్బన్ చివరి వాక్యం నాలుగుసార్లు చదివి, దిద్దడానికేమీ లేక, పత్రిక మడిచాడు.

"యూడోరా, ఆ స్నానం నిజంగా అచ్చుతప్పేనా?"

ఆమె అక్షరాల పెట్టె సర్దుతూ తల ఎత్తలేదు. "నువ్వు వాదిస్తే ఎవరూ రారని నాకు తెలుసు. పెళ్లయి పాతికేళ్లు."

1954లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి లాంతరు బొమ్మ కోసం ఆల్బన్ తెల్లవారకముందే వెళ్లి గుమ్మంలో కూర్చుని సాధించుకున్నాడు. నలభై మూడు ఓట్ల తేడాతో డ్రేటన్ చేతిలో ఓడిపోయాడు. మర్నాడు సంతలో టాంటీ మెర్ల్ దాచుకోలేదు.

"నీకే వేద్దామనుకున్నాను, టీచర్. కానీ నీళ్లు వచ్చేశాయి గదా. ఇప్పుడు రోడ్డు కావాలి. రోడ్డుకి నువ్వేం చేస్తావు, దాని మీద పడుకుంటావా? ఆయనకి లారీ ఉంది."

ఆల్బన్‌కి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. రెండూ అయ్యాక రెండు చేపలు కొనుక్కుని ఇంటికి పోయాడు. సంపాదకురాలి కుర్చీ ఖాళీ అవుతుందేమోనని పదిరోజులు దాని చుట్టూ తచ్చాడాడు. యూడోరా అర్థం చేసుకుంది గాని లేవలేదు. "శాసనసభకి విలేఖరి కావాలి. నీకు దారి తెలుసు" అంది. ఆయన పాత టోపీ పెట్టుకుని మళ్లీ అదే బస్సెక్కాడు.

మొదటి నివేదికలో, రోడ్ల పద్దు మీద మాటలు సాగుతుండగా సభ్యుడు డ్రేటన్ నిద్రపోయారని రాశాడు. రాసి, కాసేపు ఆలోచించి, ఇంకో వాక్యం చేర్చాడు. ఆ వరసలో మధ్యాహ్నం ఎండ మెడ మీద పడుతుందనీ, భోజనంలో కందగడ్డలు పెడతారనీ, అక్కడ మేలుకుని ఉండటం మనిషివల్ల కాదనీ. యూడోరా దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇది వార్తా, ఓదార్పా?"

"నేను మూడేళ్లు కూర్చున్న కుర్చీ అది."

ఆమె 'మనిషివల్ల కాదు' అన్నది కొట్టేసి 'కష్టం' అని మార్చి, మిగతాది ఉంచేసింది. ఆ సాయంత్రమే ఆల్బన్ కొండెక్కి డ్రేటన్ బంగళాకి వెళ్లాడు. వరండాలో కూర్చుని నిమ్మరసం తాగి, "లారీ ఒక నెల ఇస్తారా, రోడ్డుకి కంకర తోలాలి" అని అడిగాడు. అడగడం ఆయనకి కొత్త. తిట్టడం కంటే కష్టంగా ఉంది. డ్రేటన్ కాదనలేదు. ఎప్పటిలాగే వెంటనే చెయ్యనూ లేదు. ఆల్బన్ ప్రతి గురువారం కొండెక్కి మళ్లీ అడిగాడు.

రోడ్డు రెండేళ్లకి పడింది. వంపు దగ్గర కంకర తక్కువ వేశారని లాంతరు రాసింది.